పదింటికొకటి

మూడేళ్ళుగా అడుగుతున్న మెమొరీ సోమవారం పొద్దున చెప్పుల పెట్టెకన్నా చిన్న అట్టపెట్టెలో వచ్చింది. లోపల ఎనిమిది స్టిక్కులు, ఒక్కొక్కటి జానెడుకు తక్కువ పొడవు, రెండు వేళ్ళ వెడల్పు, మెరిసే కవర్లలో వరసగా పడుకుని ఉన్నాయి. స్టోర్స్ గుమాస్తా రిజిస్టరులో సంతకం పెట్టించుకుని పెట్టెను అరచేతిలో ఎగరేసి చూశాడు.

"ఇంతేనా? దీనికోసమా లెక్కలమ్మ మూడేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది?"

"ఎగరెయ్యకు బాబూ. కింద పడితే ఇంకో మూడేళ్ళు," అన్నాడు మెకానిక్.

నీటి సరఫరా ఆఫీసులో నూట ఇరవై కంప్యూటర్లుంటే వాటన్నిటికీ అతనొక్కడే దిక్కు. చొక్కా జేబులో ఎప్పుడూ పొట్టి స్క్రూడ్రైవరొకటి ఉంటుంది కాబట్టి ఆఫీసంతా అతన్ని స్క్రూ అంటుంది. అతను పట్టించుకోడు. అతని చేతిలో ఎప్పుడూ ఉండే ఇంకో వస్తువు ఐదు లీటర్ల క్యాను. పొద్దున ఖాళీగా తెస్తాడు, సాయంత్రం ఆఫీసు పంపు దగ్గర నింపుకుని వెళతాడు. "అందరూ ఇంటికి జీతం తీసుకెళితే వీడు నీళ్ళు తీసుకెళతాడు" అని ఒక జోకు. మొదట్లో నవ్వేవాడు. ఈ నాలుగు నెలలుగా నవ్వినట్టు మొహం పెడుతున్నాడు.

లెక్కలమ్మ మూడో అంతస్తు చివరి గదిలో ఉంటుంది. ఊళ్ళో నీళ్ళ గొట్టాలకు బిగించిన మీటర్లు పంపే అంకెలన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి. నలభై జోన్లు, జోనుకు పది మీటర్లు. ప్రతి మీటరూ నిమిషానికోసారి తన దగ్గర ఎంత ప్రెషరుందో చెబుతుంది. అలా ఆరేళ్ళు. వంద కోట్లకు పైగా వరసలు. ఆవిడ మెషీనులో ఉన్న మెమొరీకి అందులో పదో వంతు మింగడమే కష్టం. మొత్తం తెరవబోతే కాసేపు గిలగిలలాడి, మెమొరీ చాలలేదని ఒక ముక్క చెప్పి పడిపోతుంది. అందుకని ఆవిడ పది వరసలకు ఒక వరస తీసుకునేలా ప్రోగ్రాము రాసుకుంది. మూణ్ణెల్లకోసారి ఆవిడ సంతకంతో రిపోర్టు వెళుతుంది. ఏ జోనులో నీళ్ళు బాగున్నాయో, ఏ జోనులో లేవో ఆఫీసుకు చెప్పేది ఆ రిపోర్టే.

మెకానిక్ పెట్టె బల్లమీద పెట్టగానే ఆవిడ లేచి నిలబడింది. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ గొంతు పెంచదు. కవరును వేలితో మెల్లగా నిమిరింది.

"పెద్దసారు ఏమన్నారో తెలుసా? అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా పిసుకుతామా, ఒక్క మెతుకు చాలదూ అన్నారు. నిజమే. నేనూ కాదనలేదు. కానీ ఒక్కసారి మొత్తం చూడాలని ఉందయ్యా. తరిగింది కాదు. మొత్తం."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్ళు తెరమీద లేవు, ఎక్కడో ఉన్నాయి. మెకానిక్‌కి ఆ చూపు తెలుసు. పొద్దున గడ్డం గీసుకుంటున్నప్పుడు అద్దంలో చూస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, క్యాను గట్టుమీద పెట్టి, భార్యకు ఫోను చేశాడు. ఎత్తింది కూతురు.

"నాన్నా, పెద్దమ్మావాళ్ళింట్లో ఎప్పుడు తిప్పినా వస్తాయి! నేను ఇవాళ రెండుసార్లు స్నానం చేశాను."

"తోలు ఊడిపోతుందే," అన్నాడు. పాప నవ్వింది. తర్వాత ఫోను తల్లి చేతిలోకి వెళ్ళింది.

"నీళ్ళొచ్చాయా?"

"ఇంకా లేదు."

"సరే. తిన్నారా?"

"తిన్నాను. నువ్వు?"

"ఆ."

నాలుగు నెలల కిందట పాపనీ రెండు సంచులనీ తీసుకుని అక్క ఇంటికి వెళుతూ, గుమ్మంలో ఒకే మాట అంది, నీళ్ళొచ్చిన రోజు ఫోను చెయ్యండి అని. అతను రోజూ చేస్తున్నాడు. రోజూ ఇవే మాటలు. ఫోను పెట్టేశాక ఆ ఇంట్లో వినపడే చప్పుడు గోడగడియారానిదొక్కటే. వంటింట్లో పంపు బిగించి ఉంది. దాని కింద ఆవిడ పెట్టుకునే నీలం బకెట్టు గోడవార బోర్లించి ఉంది. ఆవిడ కావాలి అతనికి. ఆ ఇంట్లో గొంతు కావాలి, తలుపు వేసినందుకూ తియ్యనందుకూ విసుక్కునే మనిషి కావాలి. కానీ అది ఫోనులో చెప్పడం అతనికి చేతకాదు. కాబట్టి తిన్నావా అని అడుగుతాడు.

మంగళవారం చేతులు సబ్బుతో కడుక్కుని, పొడిగా తుడుచుకుని, లెక్కలమ్మ మెషీను ముందు కూర్చున్నాడు. ప్లగ్గు పీకాడు. లోపల మిగిలిన కరెంటు పోవడానికి పవర్ బటను ఒకసారి నొక్కి వదిలాడు. మణికట్టుకు పట్టీ కట్టి, దాని తీగ మెషీను ఇనప చట్టానికి తగిలించాడు. ఒంట్లో ఉన్న చిటికెడు కరెంటు కూడా ఈ స్టిక్కుల ప్రాణం తీస్తుంది. అప్పుడే పీఏ వచ్చాడు.

పీఏ అంటే పెద్దసారు గది బయట కూర్చునే మనిషి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఇతన్ని చూశాకే పుట్టి ఉంటుందని ఆఫీసులో అంటారు.

"స్క్రూ, అందులో నాలుగు పక్కన పెట్టు. సార్ మెషీను మరీ నత్తలా ఉంది."

లెక్కలమ్మ తల తిప్పింది. "నేనడిగింది ఎనిమిదికండీ. నాలుగైతే సరిపోవు."

"సార్ కన్నా ముందా మేడం?"

"సార్ అందులో మెయిలు చూసుకుంటారు," అంది ఆవిడ మెల్లగా.

"అవి ఆ మెషీనుకు పట్టవండి," అన్నాడు మెకానిక్. "ఇవి సర్వర్లలో వాడే రకం. మామూలు మెషీన్లు వీటిని ఒప్పుకోవు."

"గాడి ఒకటేగా? పట్టకపోవడమేంటి? రేపు పొద్దున వచ్చి పెట్టెయ్." పీఏ నాలుగు కవర్లు లెక్కపెట్టి తీసుకుని వెళ్ళిపోయాడు.

మెకానిక్ పాత స్టిక్కులు నాలుగూ తీశాడు. పాతవీ కొత్తవీ కలిపితే కాపురం కుదరదు. కొత్త నాలుగింటినీ రంగు గుర్తులున్న స్లాట్లలో నిలబెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. రెండు పక్కలా ఉన్న క్లిప్పులు వాటంతటవే లేచి టక్కుమని పట్టుకున్నాయి. ఆ టక్కు వినపడేదాకా అతను ఊపిరి తీసుకోడు. మెషీను లేచింది. లెక్కలమ్మ మొత్తం రికార్డు తెరవమంది. అంకె పైకి పాకింది. ఇరవై, నలభై, యాభై. అరవై ఎనిమిది శాతం దగ్గర ఆగింది, పాత ముక్కే చెప్పి పడిపోయింది.

"ఇంత దూరం ఎప్పుడూ రాలేదు," అంది ఆవిడ. అని చీర కొంగుతో తెరమీద లేని దుమ్ము తుడిచింది. శుక్రవారం రిపోర్టు వెళ్ళాలి. "పోనీలే. మళ్ళీ పదింటికొకటి."

బుధవారం పొద్దున పెద్దసారు గదిలో ఆ నాలుగు స్టిక్కులూ పెట్టాడు. పీఏ వెనకాలే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గాడిలో చక్కగా దిగాయి. పీఏ చూశావా అన్నట్టు నవ్వాడు. మెకానిక్ బటను నొక్కాడు. ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉండి మెషీను మూడుసార్లు కూసింది. ఆపి మళ్ళీ నొక్కితే మళ్ళీ మూడు కూతలు.

"ఏదో చేశావు నువ్వు," అన్నాడు పీఏ.

"మీరు చెప్పిందే చేశానండీ."

కుర్చీలో పెద్దసారు వాచీ చూసుకున్నాడు. "తీసెయ్యవయ్యా ఆ గోల. నాకు పది గంటలకు మెయిలు పంపాలి. అవెవరివో వాళ్ళకిచ్చెయ్."

అవెవరివో వాళ్ళకు ఇవ్వడానికి మెకానిక్ మూడంతస్తులూ మెట్ల మీద పరిగెత్తాడు. లిఫ్టు కోసం ఆగే ఓపిక లేకపోయింది. ఎందుకంత తొందరో అతనికే తెలియదు. ఎనిమిది స్లాట్లూ నిండాయి. మెషీను మొత్తం లెక్కపెట్టి, ఇంతకు ముందున్నదానికి ఎనిమిది రెట్లు మెమొరీ ఉందని ఒప్పుకుంది. వెంటనే వాడనివ్వలేదతను. పరీక్ష పెట్టాడు. మెమొరీలో ప్రతి గడిలోనూ ఒకటి రాసి, చదివి, చెరిపి, మళ్ళీ రాసే పరీక్ష. మూడు గంటలు పట్టింది. ఒక్క తప్పు కూడా రాలేదు.

గురువారం తొమ్మిదిన్నరకు మొదలుపెట్టారు. మెకానిక్‌కి అక్కడ పనేం లేదు. అయినా ఉన్నాడు. అరవై ఎనిమిది దాటింది. ఎనభై దాటింది. తొంభై తొమ్మిది దగ్గర కాసేపు నిలబడి, నూరైంది. పడిపోలేదు. లెక్కలమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"మీ ఇల్లు ఏ జోనయ్యా?"

"పదిహేడండీ."

"రా, ముందు నీదే చూద్దాం." పదిహేడో జోనులో పది మీటర్లకూ పది గీతలు గీయమంది. ఇన్నాళ్ళూ జోనుకు ఒకే గీత చూసింది ఆవిడ, బల్ల చెక్కలా చదునుగా ఉండే గీత.

పై గీత అలాగే చదునుగా వచ్చింది. దాని కింద రెండోది, కొంచెం దిగి. మూడు, నాలుగు, ఇంకా దిగి. పదో గీత తెర అట్టడుగున నేలకు అతుక్కుపోయి ఉంది. రోజుకొక్కసారి మాత్రం, పొద్దున పూట, ముల్లులా లేచి మళ్ళీ పడిపోతోంది.

లెక్కలమ్మ తెరమీదికి వంగింది. వేరే జోను గీసింది. అదే వరస. ఇంకోటి. అదే.

"ఇది తప్పు," అంది చివరికి. "నీ మెమొరీలో ఏదో లోపం ఉంది. అంకెలు చెడిపోతున్నాయి."

"మూడు గంటలు పరీక్ష చేశానండీ."

"అయితే మీటర్లు చెడిపోయి ఉండాలి. ఆరేళ్ళుగా పదిహేడో జోను బాగుందని నేనే రాశాను కదా. అక్కడినుంచి కంప్లయింటు వచ్చినప్పుడల్లా పీడనం సంతృప్తికరంగా ఉన్నట్లు మా రికార్డులు తెలుపుతున్నాయని జవాబు కూడా వెళ్ళింది."

మెకానిక్‌కి ఆ వాక్యం కంఠతా వచ్చు. అలాంటివి మూడు ఉత్తరాలు అతని ఇంటికే వచ్చాయి, అతని భార్య పేరుమీద.

"రుజువుంటే నమ్ముతారా?" అన్నాడు.

"ఏం రుజువు?"

"గంటలో వస్తాను."

ఇంట్లో వంటింటి తలుపు వెనక మేకుకు క్యాలెండరుంది. దాన్ని మేకు నుంచి తీస్తుంటే అతని చెవులు వేడెక్కాయి. ప్రతి గడిలోనూ చిన్న చిన్న పెన్సిలు అంకెలు. పంపు ఎప్పుడూ తిప్పే ఉంచి, కింద ఖాళీ బకెట్టు పెట్టుకుని పడుకునేది భార్య. మొదటి చుక్కలు ప్లాస్టిక్ అడుగున టపటపమంటే లేచి, గడియారం చూసి రాసుకునేది. "నువ్వు కూడా రిపోర్టు తయారుచేస్తున్నావా? సంతకం కూడా పెట్టు, మా ఆఫీసులో ఇస్తా" అని ఒకరోజు నవ్వాడు. పాలు పట్టుకొచ్చిన పక్కింటి పిన్నిగారు కూడా నవ్వింది. భార్య నవ్వలేదు. అతను మన గొట్టంలోనే తుప్పుందని రెండుసార్లు గొట్టం మార్పించాడు. ఎద్దు ఈనిందని ఆఫీసు రాస్తే, ఇంట్లో దూడ కోసం వెతికినట్టు.

లెక్కలమ్మ బల్లమీద క్యాలెండరు పరిచాడు. "మా ఆవిడ రాసింది."

లెక్కలమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. అతను చదువుతుంటే ఆవిడ తెరమీద పదో మీటరు చూసింది.

"జనవరి నాలుగు. ఆరూ పన్నెండు నుంచి ఆరూ ఇరవై."

"ఆరూ పదకొండు. ఆరూ ఇరవై."

"ఐదు. ఆరూ తొమ్మిది నుంచి ఆరూ పదహారు."

"ఆరూ తొమ్మిది. పదహారు."

"ఆరో తేదీ రాలేదు."

"రాలేదు."

జనవరి అయింది. ఫిబ్రవరి అయింది. మార్చి పద్దెనిమిదో గడిలో అంకె లేదు. పెన్సిలు గట్టిగా నొక్కి గీసిన సున్నా ఒకటుంది, కాగితం కాస్త చిరిగింది. అతను ఆ తేదీ చదివి ఆగిపోయాడు.

"సున్నా," అంది లెక్కలమ్మ తెర చూస్తూ. "ఆ రోజంతా సున్నా. మర్నాడు పొద్దుటిదాకా." అప్పుడు అతని మొహం చూసి చదవమని అడగలేదు. క్యాలెండరు తనవైపు తిప్పుకుని మిగతాదంతా తనే సరిచూసుకుంది.

తర్వాత తన పాత ప్రోగ్రాము తెరిచింది. పది వరసలకు ఒక వరస అని రాసిన చోట వేలు పెట్టింది.

"మీటర్లు వరస తప్పవయ్యా. ఒకటి నుంచి పది, మళ్ళీ ఒకటి నుంచి పది. నేను మొదటి వరస తీసుకుని అక్కణ్ణించి పదేసి దాటుకుంటూ పోయాను. అంటే ప్రతిసారీ దొరికింది ఒకటో మీటరే. మెమొరీ కలిసొస్తుందని మీటరు నంబరున్న గడి కూడా తీసేశాను. ఇక నాకెలా తెలుస్తుంది? ఒకటో మీటరు ఎక్కడుంటుందో తెలుసుగా?"

"ట్యాంకు పక్కనే."

"ట్యాంకు పక్కనే. అక్కడ నీళ్ళు లేకపోవడమేమిటి?" ఆవిడ కళ్ళజోడు తీసి క్యాలెండరు మీద పెట్టింది. "మెతుకు పట్టుకు చూడ్డం తప్పు కాదు. ఎప్పుడూ అడుగు మెతుకే పట్టుకున్నాను. పైన బియ్యం బియ్యంగానే ఉంది. ఆరేళ్ళు, బాబూ. ఎంతమంది ఆడవాళ్ళకి మీ మాట అబద్ధమని రాయించాను?"

తప్పు ఆవిడ చేసింది, నిజమే. కానీ ఆవిడకు మెమొరీ లేదు. అతనికి భార్య ఉంది, క్యాలెండరుంది, కింద ఖాళీ బకెట్టుంది. అయినా నమ్మలేదు.

"రేపు రిపోర్టు వెళ్ళదు," అంది లెక్కలమ్మ. "తప్పు జరిగిందని ఉత్తరం వెళుతుంది, నా సంతకంతోనే. పీఏకు కాదు, పెద్దసారు చేతికే ఇస్తాను. ఈ క్యాలెండరు రెండు రోజులు నా దగ్గరుండనిస్తావా?"

"అది నాది కాదండీ. అడిగి చెబుతాను."

ఆ సాయంత్రం క్యాను నింపుకోకుండానే ఇంటికి వచ్చాడు. మెట్లమీద కూర్చుని ఫోను చేశాడు. ఈసారి భార్యే ఎత్తింది.

"నీళ్ళొచ్చాయా?"

"రాలేదు."

"సరే. తిన్నారా?"

"ఆగు. పెట్టెయ్యకు." ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాడు. ఒక్కటీ నోటికి రాలేదు. "నువ్వు రాసిందంతా నిజమే. ఇవాళ మొత్తం తెరిచి చూశాం. నీ అంకెలూ మీటరు అంకెలూ ఒకటే. నిమిషానికి మించి తేడా లేదు. ఆఫీసు రిపోర్టే తప్పు."

అవతల పాప ఏదో పాడుకుంటోంది.

"మార్చి పద్దెనిమిది?" అంది ఆవిడ.

"సున్నా. ఆ రోజంతా సున్నా."

"ఉందా? మీ కంప్యూటర్లో ఉందా?"

"ఉంది."

"పాపకి నూట మూడు జ్వరం ఆ రోజు. తడిగుడ్డ వెయ్యడానికి చెంబుడు నీళ్ళు లేవు. ఆఫీసుకి ఫోను చేస్తే మీ జోను బానే ఉందమ్మా అన్నారు. తర్వాత మీకు చేశాను. ఏమన్నారో గుర్తుందా?"

"గుర్తుంది."

"చెప్పండి."

అతను కళ్ళు మూసుకున్నాడు. "పంపు సరిగ్గా తిప్పి చూడు అన్నాను."

"నేను తిప్పానండీ," అంది ఆవిడ. "ఎన్నిసార్లు తిప్పానో."

"తెలుసు. అప్పుడే తెలియాల్సింది. తప్పు నాది. గొంతెండిపోతోందే నువ్వు లేకపోతే. నీళ్ళొచ్చేదాకా అక్కడే ఉండు, ఎన్నాళ్ళైనా సరే. గొట్టాలు సరిచెయ్యాలంటే ఇంకా ఎన్ని నెలలు పడుతుందో. ఈ ఒక్క ముక్కా ఇవాళే చెప్పాలని చేశాను."

ఆవిడ ముక్కు చీదిన చప్పుడు వినపడింది. తర్వాత ఎప్పటి గొంతుతో అడిగింది.

"పంపు కట్టేశారా?"

"ఆ."

"బకెట్టు?"

"బోర్లించి ఉంది."

"అనుకున్నాను. వెళ్ళి తిప్పి ఉంచండి. బకెట్టు సరిగ్గా కింద పెట్టండి, పక్కకి జరిగితే చప్పుడు వినపడదు. రేపు సాయంత్రం బస్సుకి వస్తున్నాం. ఎల్లుండి పొద్దున ఆ చప్పుడుకి నేనే లేస్తాను."

"నీళ్ళు ఇంకా రాలేదే."

"వినపడింది," అంది ఆవిడ. "క్యాలెండరు ఏదీ, మేకుకే ఉందా?"

"ఆఫీసులో ఉంది. లెక్కలమ్మ రెండు రోజులు ఉంచుకుంటానంది. నీదని, నిన్నడగాలని చెప్పాను."

"ఉంచుకోమనండి. పెన్సిలు మాత్రం ఇంట్లోనే ఉండాలి. వెతికి పెట్టండి."

అతను లోపలికి వెళ్ళి పంపు తిప్పాడు. గొట్టంలోంచి గాలి ఒకసారి బుస్సుమని ఆగింది. నీలం బకెట్టు దుమ్ము తుడిచి పంపు కింద పెట్టాడు. సరిగ్గా కిందే ఉందో లేదో వంగి చూసి, రెండు వేళ్ళంత ఇవతలికి జరిపాడు. తర్వాత పెన్సిలు కోసం వెతకడం మొదలుపెట్టాడు.